షుగరు అంచున ఉందని రిపోర్టు వచ్చింది: విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ నిలబెట్టుకోగల అలవాట్లు ఏవి?

ప్రశ్న: గోపాలపట్నం గుమాస్తా

అందరికీ నమస్కారం. ద్వారకానగర్‌లోని ఒక ప్రైవేటు కార్యాలయంలో పద్దులు చూసే ఉద్యోగం నాది, వయసు 44. ఇటీవల కార్యాలయం తరఫున మా అందరికీ రక్తపరీక్షలు చేయించారు. పరగడుపు షుగరు 108, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9, రక్తపోటు 134/86, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు అని నా రిపోర్టులో ఉంది. డాక్టరుగారు చూసి, ప్రస్తుతానికి మందులు అక్కర్లేదనీ, అలవాట్లు మార్చుకుని ఆరు నెలల తరవాత మళ్ళీ పరీక్ష చేయించుకోమనీ చెప్పి పంపించారు. మా నాన్నగారికి షుగరు ఉంది కనుక ఈ మాటను తేలిగ్గా తీసుకోదలచుకోలేదు.

చిక్కంతా ఆ అలవాట్లు ఏవన్న దగ్గరే వచ్చింది. రోజూ బీచ్‌కి వెళ్ళి గంటసేపు నడవమని ఒకరంటారు. మా ఇంటి నుంచి బీచ్‌కి వెళ్ళి రావడానికే గంట దాటుతుంది. పదివేల అడుగులకు తగ్గితే లాభం లేదని ఇంకొకరంటారు. అన్నం పూర్తిగా మానెయ్యమనేవారు, చోడి (రాగి) అంబలి తప్ప మరేదీ ముట్టవద్దనేవారు, పొద్దున్నే వేడినీళ్ళలో తేనె, నిమ్మరసం కలుపుకుని తాగితే చాలనేవారు వేరే ఉన్నారు. ఉదయం ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలితే తిరిగి వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. పిల్లల బడి, క్యారేజీల హడావుడిలో మా ఆవిడకు ఊపిరి సలపదు; నా ఒక్కడి కోసం వేరే వంట చెయ్యమనడం న్యాయం కాదు. మార్చి దాటాక ఇక్కడి ఉక్కపోత సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇన్ని పరిమితుల మధ్య ఏళ్ళ తరబడి నిలబడే అలవాట్లు ఏవో, వాటిలో దేనికి ఎంత ఆధారం ఉందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు. నెల్లాళ్ళు ఉత్సాహంగా చేసి వదిలేసేవి మాత్రం నాకు వద్దు.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, ఎంవీపీ కాలనీ

మీ అంకెలు భయపెట్టేవి కావు, అలాగని పక్కన పెట్టేవీ కావు. పరగడుపు షుగరు 100 నుంచి 125 వరకూ, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకూ ఉంటే దానిని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. మీ బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి (బీఎంఐ) 26 పైచిలుకు; యూరప్‌వారి కొలతల ప్రకారం అది కాస్త అధిక బరువు మాత్రమే గాని, మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ ఇక్కడి వైద్యులు నిర్ణయించుకున్నారు. ఈ తేడా ఊరికే రాలేదు. 2004లో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి నిష్పత్తీ సరిగ్గా 22.3. లండన్ డాక్టరుగారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే మన డాక్టరుగారి ఒంట్లో 21.2 శాతం ఉంది. చూడడానికి సన్నగా ఉన్నా కండ తక్కువ, కొవ్వు ఎక్కువగా ఉండే శరీరతత్వం మనది. అందువల్ల మీరు బరువు చూసే యంత్రం కన్నా దర్జీ టేపును ఎక్కువ నమ్మండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడుమ, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్టను లోపలికి లాక్కోకుండా కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదు. మీరు తగ్గించవలసినది ముందుగా ఆ ఆరు సెంటీమీటర్లు.

అలవాట్లు మార్చుకుంటే నిజంగా లాభముంటుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబులే ఉన్నాయి. సరిగ్గా మీ దశలో ఉన్నవారి మీద అమెరికాలో జరిగి 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం అనే రెండు లక్ష్యాలు పెట్టుకున్నవారిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. అదే అధ్యయనంలో మాత్ర వాడినవారిలో తగ్గినది 31 శాతమే. ఆ ఏడు శాతం మీ విషయంలో అయిదు కిలోలు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్ళ మీదే చేసి 2006లో ప్రకటించిన అధ్యయనం. అక్కడ తగ్గుదల 28 శాతానికి కాస్త పైన. ఆ సంఖ్య చిన్నదిగా కనిపించవచ్చు గాని, ఆ మనుషుల బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గకుండానే ఈ ఫలితం వచ్చింది. నెల తిరిగినా యంత్రం మీద ముల్లు కదలలేదని నడక మానేసేవారిని నేను ఉద్యోగజీవితమంతా చూస్తూనే ఉన్నాను. వారికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు.

ఇక పదివేల అడుగుల లెక్క. అది వైద్యులు తేల్చిన అంకె కాదు. 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మకానికి పెడుతూ ఆ అంకెనే దాని పేరులో పెట్టుకుంది. అక్కడి నుంచి లోకమంతా పాకింది. లాభంలో పెద్ద భాగం రోజుకు ఏడు వేల అడుగుల దగ్గరే దక్కుతుందని ఇటీవలి పరిశోధనల సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన అయితే అడుగుల జోలికే పోదు. పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలంటుంది. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఇదివరకు ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా చేస్తేనే లెక్కలోకి వస్తుందనేవారు. ఆ నియమాన్ని ఇప్పుడు ఎత్తేశారు. మీకు పనికొచ్చేది ఇదే. బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వాహనాలు ఆపి నడిచేవారికి వదిలిపెట్టడం ఈ ఊరి భాగ్యమే, కాదనను. అయినా గోపాలపట్నంవారికి ఆదివారం చాలు. మిగిలిన రోజుల్లో మీ నడక మీరు వెళ్ళే దారిలోనే దొరకాలి.

తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడవడం మీ పరిస్థితికి అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిస్తుంది. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్‌తో పెద్దగా నిమిత్తం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. అన్నం తిన్నాక రక్తంలో చక్కెర పెరిగే వేళకే కాళ్ళు కదిలిస్తే ఆ పెరుగుదల తలొగ్గుతుంది. మధ్యాహ్నం ఎండలో బయటికి వెళ్ళవలసిన పని లేదు, కార్యాలయం వసారా అయినా సరిపోతుంది. సాయంత్రం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర బస్సు ఎక్కేముందు, దగ్గరలోనే ఉన్న సెంట్రల్ పార్కులో రెండు చుట్లు తిరిగితే రద్దీ కూడా కాస్త తగ్గుతుంది.

కూర్చునే ఉద్యోగం గురించి ఒక పాత అధ్యయనం చెప్పి ముగిస్తాను. 1953లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు లండన్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చునే డ్రైవర్ల కన్నా మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని చూపించాడు. తరవాత ఆయనే యూనిఫాం కొలతల రికార్డులు తెప్పించి చూస్తే, డ్రైవర్ల నడుము కొలతలు మొదటి నుంచీ ఎక్కువేనని తేలింది. అంటే తేడా అంతా మెట్ల పుణ్యమే కాదన్నమాట. తన నిర్ధారణను తానే తవ్వి చూసుకున్న ఆ నిజాయితీ నాకు ఇష్టం. అయినా ఆ తరవాతి పరిశోధనలన్నీ మొత్తం మీద ఆయన చెప్పినవైపే మొగ్గాయి. అరగంటకోసారి కుర్చీలోంచి లేవండి, మీ అంతస్తుకు లిఫ్టు మానండి.

మీరు పొగ తాగే సంగతి రాయలేదు. తాగుతుంటే పైన చెప్పినవన్నీ రెండో వరసలోకి పోతాయి; ముందు అది మానాలి.

జవాబు: సీతమ్మధార గృహిణి

ఆచార్యులవారు నడక గురించి చెప్పాక నేను చేర్చేదేమీ లేదు. వంటింటి సంగతి మాత్రం నేను చెబుతాను, ఎందుకంటే ఇంట్లో ఒక్కరికి వేరే వంట చెయ్యడం ఎన్నాళ్ళో సాగదని మీరు రాసినది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఇంటిల్లిపాదికీ వంట మారాలి, అదీ ఎవరికీ తెలియకుండా మారాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీలు కావలసిన మనిషికి బియ్యం, గోధుమ, చోళ్ళు వంటి గింజలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు, పప్పు లేదా గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, బాదం వంటివి 35 గ్రాములు, నూనె 27 గ్రాములు అని అందులో ఉంది. పళ్ళెంలో గ్రాములు తూచుకుని తినడం ఎవరివల్లా కాదు. కాని సరుకుల చీటీలో నెలకోసారి తూచడం సులభం. నలుగురున్న ఇంటికి రోజుకు 27 గ్రాముల చొప్పున నెలకు పట్టే నూనె 3 కిలోల 240 గ్రాములు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది కనుక అది మూడున్నర లీటర్లు. నెయ్యి కూడా ఇందులోనే. మీ ఇంటికి నెలకు ఎన్ని ప్యాకెట్లు వస్తున్నాయో మీ ఆవిడగారిని అడగండి, సగం రోగం అక్కడే బయటపడుతుంది. మా ఇంట్లో ఆదివారం నాడు ఆ వారానికి సరిపడా నూనెను ముప్పాతిక లీటరుకు కాస్త పైగా కొలిచి స్టీలు జాడీలో పోస్తాను. గురువారానికే అడుగు కనిపిస్తే శుక్రవారం ఆనపకాయ పులుసు, శనివారం పప్పుచారు. వేపుడు మాట ఎవరూ ఎత్తరు. గానుగ నూనె అయితే ఎంత పోసినా పరవాలేదనుకునేవారున్నారు. ఏ గానుగలో ఆడించినా గ్రాముకు తొమ్మిది కేలరీలే.

ఉప్పుదీ ఇదే లెక్క. మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నలుగురికి నెలకు 600 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. అదీ ఊరగాయలు, అప్పడాలు, బయటి చిరుతిళ్ళలో ఉన్న ఉప్పును కలుపుకుని. ఆవకాయ మానమంటే మన ఇళ్ళలో విప్లవం వస్తుంది కాబట్టి నేను ఆ మాట అనను. ఆవకాయ వేసుకున్న పూట పెరుగులో ఉప్పు ఉండదు, అప్పడం ఉండదు. కూరలో ఉప్పు తగ్గినట్టు తెలియకుండా ఉండాలంటే చింతపండు గాని, నిమ్మకాయ గాని, మామిడికాయ గాని ఒక పాలు పెంచండి. ఒకేసారి సగానికి తగ్గిస్తే అందరూ కంచం ముందు ముఖాలు చిట్లిస్తారు; వారానికి చిటికెడు చొప్పున తగ్గిస్తే నాలుక దానంతట అదే సర్దుకుంటుంది. మీ రక్తపోటు గీతకు దగ్గరగా ఉంది కనుక మీకు నూనె కన్నా ఇది ముందు అవసరం. సోడియం తగ్గించిన ఉప్పులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి గాని, వాటిలో పొటాషియం ఉంటుంది; కిడ్నీ జబ్బున్నవారు ఇంట్లో ఉంటే డాక్టరును అడగకుండా వాడకండి.

అన్నం మానడం గురించి: మానకండి, చోటు మార్చండి. మన కంచంలో ముప్పాతిక వంతు అన్నం, కూర ఒక మూల ఉంటుంది. ముందు కూర, పప్పు వడ్డించుకుని, వాటిని సగం తిన్నాక అన్నం పెట్టుకుంటే గరిటెడు అన్నం దానంతటదే తగ్గుతుంది, పైగా పీచు, మాంసకృత్తులు ముందు వెళ్ళడం వల్ల చక్కెర కూడా నిదానంగా పెరుగుతుంది. చోడి అంబలి మంచిదే. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. అయితే మెత్తగా పిండి పట్టించి జావ కాచుకుంటే అది కూడా చకచకా అరిగి చక్కెరను పెంచేదే; గ్లాసుల కొద్దీ తాగి, ఆ పైన ఎప్పటిలా టిఫిను తింటే మేలు కన్నా కీడే ఎక్కువ. తేనె నీళ్ళ మాట అంటారా, తేనె కూడా చక్కెర ఖాతాలోనే పడుతుంది.

చేపలు తినేవారైతే వంజరం, పండుగప్పల కోసం డబ్బు పొయ్యనక్కర్లేదు. ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే కవళ్ళు, కానాగంతల్లో గుండెకు మేలు చేసే కొవ్వు దండిగా ఉంటుంది, ధరా అందుబాటులో ఉంటుంది. పులుసు పెట్టండి, వేపకండి. ఉప్పుచేపను మాత్రం ఊరగాయ కిందే జమకట్టాలి.

జవాబు: ఉక్కునగరం షిఫ్టు మనిషి

రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరుతారన్న మాట దగ్గర ఎవరూ ఆగలేదు, అందుకని రాస్తున్నాను. స్టీలు ప్లాంటులో మూడు షిఫ్టులూ మారుతూ పనిచేసేవాడిని. తెల్లవారి ఆరింటికి మొదలయ్యే వారం, మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే వారం, రాత్రి పదింటికి మొదలయ్యే వారం అంటూ భోజనం వేళలు తలకిందులయ్యే జీవితం మాది. ఒంటికి లోపల ఒక గడియారం ఉందనీ, రాత్రి వేళ అదే అన్నానికి పగటి కన్నా చక్కెర ఎక్కువగా పెరుగుతుందనీ మా ప్లాంటులో ఆరోగ్యం మీద మాట్లాడిన ఒక డాక్టరుగారు విడమరిచి చెప్పారు. అందువల్ల నైట్ షిఫ్టులో ఉన్నప్పుడు అసలు భోజనం ఇంట్లోనే ముగించి వెళ్ళడం, క్యాంటీనులో నడిరేయి బిర్యానీ వాసన వచ్చినా పెరుగు, ఉడకబెట్టిన గుడ్డు, పండుతో సరిపెట్టుకోవడం నా పద్ధతి.

మీకు పనికొచ్చేది ఇందులో ఒకటి ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తిన్న మనిషి రాత్రి ఎనిమిదిన్నరకు ఆకలితో నకనకలాడుతూ కూర్చుంటే ఆచార్యులవారు చెప్పినా, సీతమ్మధార అక్కగారు చెప్పినా చెవికెక్కదు. సాయంత్రం ఆరింటికి కార్యాలయంలోనే ఉడికించిన శనగలో, వేరుశనగ పలుకులో గుప్పెడు తినండి. బజ్జీల బండి ముందు నుంచి నిబ్బరంగా నడిచి రావచ్చు, రాత్రి భోజనమూ సగానికి తగ్గుతుంది. తిన్నాక మీ వీధిలోనే పావుగంట తిరిగి రండి.

నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి ఎక్కువవుతుందన్నది నా ఒంటికి తెలిసిన నిజం. పెద్దవారికి ఏడు గంటలకు తగ్గకూడదంటారు. టీలో ఉన్న కెఫీన్ అయిదారు గంటల తరవాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, పదకొండింటికి పడుకోదలచినవారు సాయంత్రం నాలుగు దాటాక టీ మానడం మంచిది. మా వాళ్ళలో చాలామంది ఇది నమ్మరు. టీ తాగినా పడుకోగానే నిద్ర పడుతుందంటారు. పట్టే నిద్ర పలచనైపోతుందని వారికి తెలియదు.

జవాబు: పెదవాల్తేరు పాదచారి

బీచ్‌ను అందరూ ఆదివారానికి నెట్టేస్తున్నారు గాని, చెప్పులు లేకుండా ఇసుకలో నడిస్తే ఒంట్లో వేడి నేలలోకి దిగిపోతుందనీ, మోకాళ్ళ నొప్పులు పోతాయనీ మా పెద్దలు చెప్పేవారు. పైగా ఇసుకలో అరగంట నడిస్తే రోడ్డు మీద గంట నడిచినంత పెట్టు.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు, ఎంవీపీ కాలనీ

మీ రెండో మాట సరైనదే. మెత్తని ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కన్నా రెట్టింపుకు పైగా శక్తి ఖర్చవుతుందని కొలిచి చూపించారు. మొదటి మాటకు మాత్రం ఆధారం లేదు. ఇసుకలో మడమ లోపలికి దిగిపోవడం వల్ల అరికాలి కండరాల మీద, పిక్కల మీద భారం పెరుగుతుంది. కుర్చీలో ఏళ్ళు గడిపిన మనిషి ఒక్కసారిగా పొడి ఇసుకలో అరగంట నడిస్తే మర్నాడు మంచం దిగి మడమ నేల మీద పెట్టలేడు. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక అంచున పది నిమిషాలతో మొదలుపెట్టమనండి. ఈ తీరంలో అలల లాగుడు బలమైనది కనుక కాలు తడిసేంత వరకే.

ఇందాక కండరాల బలం గురించి ఒక వాక్యంతో దాటేశాను. ముప్పై దాటాక, శ్రమ లేని మనిషికి పదేళ్ళకోసారి కండ నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ళు కరిగిపోతూ ఉంటుంది. తిన్న చక్కెరలో అత్యధిక భాగాన్ని దాచుకునే చోటు కండే కనుక, ఆ కొట్టు చిన్నదైపోతే సరుకు బయటే ఉండిపోతుంది. జిమ్ముకు డబ్బు కట్టనక్కర్లేదు. చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా కట్టుకుని, చేత్తో దేనినీ పట్టుకోకుండా నిదానంగా లేచి, అంతకన్నా నిదానంగా కూర్చోండి. పది సార్లు, కాస్త ఊపిరి తీసుకుని మరో పది సార్లు. గోడకు రెండు చేతులూ ఆనించి దండీలు. మెట్టు అంచున మునివేళ్ళ మీద లేవడం. మంగళ, శుక్రవారాలు స్నానానికి ముందు అని పెట్టుకుంటే పావుగంటలో అయిపోతుంది. తేలికయ్యాక సంఖ్య పెంచండి, లేదా చేతిలో రెండు నీళ్ళ సీసాలు పట్టుకోండి. శ్రమలో ఛాతీ బరువుగా అనిపించినా, మామూలుకు మించి ఆయాసం వచ్చినా అక్కడితో ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.

ఉక్కపోత గురించి కూడా ఒక మాట. చెమట పట్టడం వల్ల ఒళ్ళు చల్లబడదు, పట్టిన చెమట ఆరితేనే చల్లబడుతుంది. విశాఖ గాలిలో ఉండే తేమ వల్ల అది ఆరదు. అందుకే హైదరాబాదులో 38 డిగ్రీల్లో నడవగలిగిన మనిషి ఇక్కడ 34 డిగ్రీలకే డస్సిపోతాడు. ఏప్రిల్, మే నెలల్లో నడకను తెల్లవారుజాముకు గాని ఇంట్లో ఫ్యాను కిందికి గాని మార్చుకోండి, వేగం తగ్గించుకోండి. పూర్తిగా మానడం మాత్రం వద్దు, మానిన నడక జూన్‌లో తిరిగి మొదలవడం అరుదు.

ప్రశ్నించినవారు: గోపాలపట్నం గుమాస్తా

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడ చేత సీతమ్మధార అక్కగారి జవాబు చదివించాను; చదివి, నూనె ప్యాకెట్ల లెక్క తానే తీసి, సంఖ్య మాత్రం ఇక్కడ రాయవద్దని షరతు పెట్టింది. భోజనం తరవాతి నడక, సాయంత్రం శనగలు, కుర్చీ వ్యాయామం, ఈ మూడింటితో మొదలుపెడుతున్నాను. పొగ అలవాటు నాకు లేదు. రక్తపోటు ఇంట్లోనే చూసుకునే యంత్రం కొనడం అవసరమా?

ఇంకొక సందేహం ఉంది. ఈసారి ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చెయ్యాలని మా ఇంట్లో అనుకుంటున్నాం. దారి ఎలాగూ మా గోపాలపట్నం మీదుగానే వెళుతుంది. కూర్చుని పనిచేసే మనిషి 32 కిలోమీటర్లు ఒక్కసారిగా నడవవచ్చునా, దానికి ముందు ఏమైనా సాధన అవసరమా?

జవాబు: సీతమ్మధార గృహిణి

మీ ఆవిడగారికి నా నమస్కారాలు చెప్పండి. రక్తపోటు యంత్రం కొంటే దండచేతికి కట్టేదే కొనండి, మణికట్టుదానికి మా ఇంట్లో పూటకో అంకె వచ్చేది. కొనకపోయినా నష్టం లేదు. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగానే చూస్తారు. చూపించుకునే ముందు అరగంట టీ, కాఫీ తాగకుండా, అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, మాట్లాడకుండా కూర్చోవాలి. హడావుడిగా మెట్లెక్కి వచ్చి చెయ్యి చాపితే వచ్చే అంకె మీది కాదు, మెట్లది.

జవాబు: ఉక్కునగరం షిఫ్టు మనిషి

గిరిప్రదక్షిణ గురించి నేను చెబుతాను, మా బృందం ఏటా వెళుతుంది. పౌర్ణమి ముందురోజు తొలిపావంచా (కొండ మెట్ల మొదలు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఎన్ఏడీ కూడలి మీదుగా మీ గోపాలపట్నం చేరేసరికి కొండచుట్టు దాదాపు పూర్తవుతుంది. సాధన లేకుండా వెళ్ళేవారు ఎక్కువగా చతికిలబడేది ఎన్ఏడీ దాటాకనే. అక్కడ పిక్కలు పట్టేసి రోడ్డు అంచున కూలబడినవారిని ఏటా చూస్తాం. ఆదివారాలు అయిదు కిలోమీటర్లతో మొదలుపెట్టి, రెండు వారాలకోసారి రెండు మూడు కిలోమీటర్లు పెంచుకుంటూ పోయి, ఆషాఢానికి ముందు ఒకసారైనా ఇరవై కిలోమీటర్ల దాకా నడిచి ఉండండి. మీకు ఇంకా నెలలున్నాయి కనుక ఇది జరిగే పనే.

దారి పొడుగునా మజ్జిగ, పులిహోర, పానకం, బిస్కెట్లు చేతిలో పెడుతూనే ఉంటారు. భక్తితో ఇచ్చినదానిని కాదనలేం గాని, పానకం ప్రతి పందిట్లోనూ తాగితే మీ రిపోర్టుకు మంచిది కాదు. మజ్జిగ పుచ్చుకోండి, అందులో ఉప్పు కూడా ఉంటుంది. అన్ని గంటలు చెమటోడ్చేటప్పుడు ఉత్త నీళ్ళే అదేపనిగా తాగకుండా మధ్యమధ్య ఓఆర్ఎస్ కలుపుకోవాలి. చెప్పులు లేకుండా నడవడం ఆచారం. మీ నాన్నగారు కూడా వస్తానంటే ముందుగా ఆయన పాదాలు చూడండి. షుగరు వల్ల అరికాళ్ళలో తిమ్మిరి గాని, స్పర్శ తగ్గడం గాని ఉంటే గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. అటువంటివారు మెత్తని చెప్పులతో కొద్ది దూరం నడిచి, ఆపైన బస్సులో వచ్చి మెట్ల దగ్గర మిమ్మల్ని కలుసుకోవడమే క్షేమం. ఆయన మందులు వాడే వేళలు ఆ రోజుకు ఎలా సర్దాలో చూసే డాక్టరును వారం ముందే అడగండి. బయలుదేరే ముందు గోళ్ళు తీసుకుని, మడమలకు కొబ్బరినూనె రాసుకోండి. మా బృందం సాయంత్రం నాలుగు తరవాత బయలుదేరుతుంది, అప్పటికి తారు కాస్త చల్లబడుతుంది.